పదిహేను మీటర్ల ప్రపంచం

అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పాలని మా అమ్మ నాకు చిన్నప్పుడే నేర్పింది. ఆఫీసులో ఆ అలవాటు మానుకోవాలని నేర్పడానికి మా వంశంలో ఆఫీసు లోపల కూర్చున్నవాళ్ళెవరూ లేరు. డిగ్రీ దాకా వచ్చిన మొదటివాణ్ని నేనే. ఆపైన ఆగకుండా భూగోళశాస్త్రంలో ఎమ్మెస్సీ కూడా చేశాను. ఈ రెండు కారణాల వల్ల ప్రపంచం పదిహేను మీటర్ల ఇరవై సెంటీమీటర్ల పొడవు, ఒక సెంటీమీటరు వెడల్పు అయింది. ఎలా అయిందో ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

నా పేరు బొంత యేసురత్నం. నేను పనిచేసేది విద్యా వినోద ఉపకరణాల మండలిలో. హాస్టళ్ళకు క్యారమ్ బోర్డులు, చదరంగం బల్లలు, వైకుంఠపాళీ పటాలు తయారుచేయించి పంపడం మా పని. గుంటూరులో ఒక మేడ మీద మా ఆఫీసు. కింద షేక్ మస్తాన్ వలి గారి జ్యూస్ కొట్టు. మండలిని ఏర్పాటు చేసిన ఉత్తర్వు "చదునైన ఉపకరణముల రూపకల్పన మరియు సరఫరా నిమిత్తం" అని మొదలవుతుంది. బంతులు, గ్లోబులు వంటి గుండ్రటివి వేరే విభాగం కిందకు వస్తాయి. ఆ విభాగం ఏ ఊళ్ళో ఉందో మా ఆఫీసులో ఎవరికీ తెలియదు గానీ, దాని పని మనం చేయకూడదని మాత్రం అందరికీ తెలుసు.

నేను సాంకేతిక సహాయకుడిగా చేరి రెండేళ్ళు కావస్తోంది. జూన్ నెలాఖరుతో ప్రొబేషన్ అయిపోతుంది. ఆలోపు నేను తయారుచేసిన ఆట ఒకటి పిల్లల చేతికి చేరి, వాళ్ళు దాన్ని వాడుతున్నట్టు ధ్రువపత్రం ఫైల్లో పడితే ఉద్యోగం పర్మనెంటు. పడకపోతే ఇంటికి. మా అమ్మ మరియమ్మ మా ఊరి పక్కన బాలికల హాస్టల్లో వంట చేస్తుంది. నన్ను చదివించింది ఆ గరిటెతోనే. "ఆర్డరు కాయితం రాంగానే తీసుకురారా, చదవలేకపోయినా ఒకసారి పట్టుకుని చూస్తా" అని రెండేళ్ళుగా అంటోంది.

నేను తయారుచేసిన ఆట పేరు 'ప్రపంచ వ్యూహం'. ఒక ప్రపంచ పటం, నాలుగు రంగుల చెక్క పావులు, రెండు పాచికలు. ఒక దేశం నుంచి ఆనుకుని ఉన్న దేశానికి, మన దేశంలోనైతే ఊరి నుంచి ఆనుకుని ఉన్న ఊరికి, సైన్యాన్ని నడిపించి, ఖండాలకు ఖండాలు గెలుచుకోవాలి. సైన్యం అనే మాట పిల్లలకు మంచిది కాదని కమిటీ దాన్ని 'ప్రతినిధి బృందం' అని మార్చింది. ఇప్పుడు ఒక ప్రతినిధి బృందం ఇంకో ప్రతినిధి బృందాన్ని సర్వనాశనం చేస్తుంది. తక్కినదంతా మామూలే.

జనవరిలో పటం అచ్చుకు వెళ్ళడానికి సిద్ధమైంది. బడి గోడల మీద వేలాడే మామూలు పటమే వేశాను. మండలి అధ్యక్షులు వల్లభరాయుడు గారు సంతకం పెట్టబోతూ, ఎందుకో తన కళ్ళజోడు పెట్టె తీసి భారతదేశం మీద పెట్టారు. దేశం దాదాపు మూతపడింది. అదే పెట్టెను తీసి గ్రీన్‌లాండ్ మీద పెట్టారు. నాలుగు వైపులా గ్రీన్‌లాండ్ బయటికి కనిపించింది.

"ఇదేమిటయ్యా?" అన్నారు.

"గ్రీన్‌లాండ్ సార్."

"పేరు చదివాను. అది మనకంటే పెద్దదా?"

"కాదు సార్. మనమే దానికి ఒకటిన్నర రెట్లు ఉంటాం."

"అక్కడ జనం ఎంతమంది?"

"యాభై ఆరు, యాభై ఏడు వేలు సార్. మన తెనాలిలో మూడో వంతు."

అధ్యక్షులవారు కలం మూత పెట్టేశారు. "తెనాలిలో మూడో వంతు జనం ఉన్న చోటు, మన దేశాన్ని మించి కనిపించడానికి ఎవరు అనుమతి ఇచ్చారు?"

అడిగారు కాబట్టి చెప్పాను. "మెర్కేటర్ అనే ఆయన సార్. ఈ పద్ధతి ఆయనదే."

"ఆయన నుంచి వివరణ తీసుకున్నారా?"

"చనిపోయి నాలుగు వందల ఏళ్ళు దాటింది సార్."

పక్కనే నిలబడ్డ సూపరింటెండెంట్ మాలకొండయ్య గారు వెంటనే కాగితం అందుకుని, "సంబంధిత వ్యక్తి అందుబాటులో లేనందున..." అని రాయడం మొదలుపెట్టారు. మాలకొండయ్య గారు ముప్పై ఏళ్ళుగా ఏ వాక్యాన్నీ తన పేరుతో మొదలుపెట్టలేదు, ఏ వాక్యాన్నీ తన మీదికి వచ్చేలా ముగించలేదు. అలా మొదలైన నోటు చివర అధ్యక్షులవారు పచ్చ సిరాతో, "ఏ దేశమునకును అన్యాయము జరుగని పటమును పరిశీలించి సమర్పించవలెను" అని రాశారు.

పటాల ఎంపిక కమిటీ ఫిబ్రవరిలో కూర్చుంది. నేను పద్ధతులన్నీ చార్టుల మీద గీసుకుని వెళ్ళాను. గుండ్రటి భూమిని చదును కాగితం మీదకు దించడానికి వంద దారులున్నాయి. విస్తీర్ణం సరిగా చూపిస్తే ఆకారం సాగుతుంది. ఆకారం కాపాడితే విస్తీర్ణం పోతుంది. దిక్కు, దూరం కూడా అంతే. నాలుగూ ఒకే పటంలో ఉండవు. ఇదంతా చెప్పి, మన ఆటకి విస్తీర్ణం సరిగా ఉంటే చాలునని విన్నవించాను.

"తక్కిన మూడూ ఏం పాపం చేశాయి?" అన్నారు అధ్యక్షులవారు.

"నాలుగింటికీ సమన్యాయం," అన్నారు మాలకొండయ్య గారు రాసుకుంటూ.

"అది కుదరదు సార్. లెక్క ఒప్పుకోదు."

"ఏ లెక్క? ఎవరి లెక్క? మన ఆఫీసులో అకౌంటెంటు పోస్టు రెండేళ్ళుగా ఖాళీ."

మాటలతో లాభం లేదనిపించి కిందికి వెళ్ళి మస్తాన్ వలి గారి కొట్లో ఒక బత్తాయి తెచ్చాను. దాని మీద పెన్నుతో ఖండాలు గీశాను. "ఇది భూమి సార్" అని అందరికీ చూపించి, తొక్క వలిచి, బల్ల మీద పెట్టి అరచేత్తో అదిమాను. అనుకున్నట్టే ఆఫ్రికా చిరిగింది. ఆసియా రెండు రెక్కలుగా విడిపోయింది. ఆస్ట్రేలియా ఎగిరి మాలకొండయ్య గారి టీ కప్పులో పడింది.

"చూశారా సార్. గుండ్రటిది చదునుగా పరిస్తే చిరగక తప్పదు."

కమిటీ చాలాసేపు తొక్క వైపు చూసింది. తర్వాత నా వేళ్ళ వైపు చూసింది. రెండు రోజులకు నా చేతికి వచ్చిన తీర్మానంలో ఇలా ఉంది: "సాంకేతిక సహాయకుడు శ్రీ బొంత యేసురత్నం తొక్క తీయుటయందు తగిన నైపుణ్యము కనబరచనందున భూగోళము చిరిగినట్లు కమిటీ గమనించినది. నిపుణులచే తిరిగి తొక్క తీయించి ఫలితము సమర్పించవలెను. చిరిగిన తొక్కను ఫైలుకు జతపరచడమైనది."

నిజంగానే జతపరిచారు. ట్యాగుకి గుచ్చి, పక్కన నంబరు వేశారు. నాలుగో రోజుకి ఫైలు చుట్టూ ఈగలు చేరాయి. ఆ తర్వాత ఆ ఫైలు ఏ బల్ల మీదా ఒక పూట కూడా నిలవలేదు. మా ఆఫీసు చరిత్రలో అంత వేగంగా కదిలిన ఫైలు లేదు.

నేను మాలకొండయ్య గారిని విడిగా కలిశాను. "సార్, ఇంత దూరం ఎందుకు? ఒక గ్లోబు ఇచ్చేస్తే నాలుగూ సరిగ్గా ఉంటాయి కదా."

ఆయన తలుపు వైపు చూసి గొంతు తగ్గించారు. "యేసురత్నం, నువ్వు చదువుకున్నవాడివి, ఆ మాట ఇంకెక్కడా అనమాకు. గ్లోబు గుండ్రం. మనం చదును. రేపు గ్లోబు అంటావు, ఎల్లుండి బంతి అంటావు. చివరికి మనల్ని ఆ విభాగంలో కలిపేస్తారు. అక్కడ సూపరింటెండెంటు ఉండే ఉంటాడుగా? అప్పుడు నేనెక్కడ కూర్చోను?"

ఆ ఆదివారం హాస్టల్ వంటగదిలో మా అమ్మకి ఇదంతా చెప్పాను. పప్పు రుబ్బుతూ వింది.

"భూమి గుండ్రంగా ఉంటదా?"

"ఉంటది."

"మీ సార్లకి తెలుసా?"

"తెలుసు."

"మరి ఏందిరా వాళ్ళ బాధ?"

"చదునుగా కావాలంట."

అమ్మ పప్పు గిన్నెలోకి తీసింది. "నీ ఆర్డరు వచ్చిందాకా వాళ్ళేమంటే అదే అను నాయనా. వచ్చినాక భూమిని మళ్ళీ గుండ్రం చేసుకుందాం."

మార్చిలో నైపుణ్య పరీక్ష పెట్టారు. "గుండ్రని ఫలముపై గల తొక్కను చిరగకుండా, ముడుత పడకుండా, సాగకుండా చదును చేయగల అనుభవజ్ఞులు హాజరు కావలెను" అని నోటీసు బోర్డుకి అంటించాం. మా నోటీసు బోర్డు మెట్ల మలుపులో ఉంటుంది కాబట్టి జ్యూస్ తాగడానికి వచ్చి చెప్పులు పోగొట్టుకున్నవాళ్ళు తప్ప దాన్ని ఎవరూ చూడరు. అయినా ఇద్దరు వచ్చారు. ఒకాయన దర్జీ. తొక్కని తిప్పి తిప్పి చూసి, "పైనా కిందా రెండేసి కుచ్చులు పెడితే సరిపోద్ది సార్, లంగా నడుముకి పెట్టినట్టు" అన్నాడు. కుచ్చుల్లోకి రష్యా మొత్తం పోయింది. ఇంకొకావిడ అప్పడాలు ఒత్తుతుంది. అప్పడాల కర్ర తెచ్చి భూగోళాన్ని నిండు కాయగా పెట్టి ఒత్తింది. చదునైంది, కాదనలేను. కానీ రసం అజెండా కాగితాల మీదుగా పారి అధ్యక్షులవారి పంచెని చేరింది. "హిందూ మహాసముద్రం పొంగినది" అని మినిట్స్‌లో రాసుకున్నారు.

ఆ గొడవలో ఖాళీ గ్లాసులు తీసుకుపోవడానికి మస్తాన్ వలి గారు పైకి వచ్చారు. బల్ల మీది తొక్కలన్నీ చూసి ఆయనకి ప్రాణం ఉసూరుమంది.

"ఏంది సార్ ఇది, బంగారం లాంటి కాయల్ని! తొక్క తియ్యాలంటే నన్ను పిలవచ్చుగా!"

నడుము దగ్గర్నుంచి చిన్న చాకు తీశారు. ఖండాలు గీసి ఉంచిన కొత్త కాయ అందుకుని తొడిమ దగ్గర మొదలుపెట్టి, కాయని గుండ్రంగా తిప్పుతూ, తిప్పుతూ, ఒక్కసారి కూడా ఆపకుండా అడుగు దాకా వచ్చారు. తొక్క మొత్తం ఒకటే పొడుగాటి పట్టీగా ఊడి వచ్చింది. దాన్ని బల్ల మీద పరిచారు. రెండు కొసల దగ్గర చుట్టలు చుట్టుకుని, మధ్యలో సాఫీగా సాగి, పడుకుంది. చిరగలేదు. ముడత లేదు. చదును.

అధ్యక్షులవారు లేచి నిలబడ్డారు.

"యేసురత్నం, దీంట్లో తప్పు ఎంత?"

నేను వంగి చూశాను, స్కేలు పెట్టి కొలిచాను. చెప్పకూడదనే అనుకున్నాను. కానీ అడిగారు. "బాగా తక్కువ సార్. విస్తీర్ణం, ఆకారం, దూరం, దిక్కు, నాలుగూ ఇంచుమించు సరిపోయాయి."

"ఇంకా సన్నగా తీస్తే?"

అక్కడ నేను దగ్గినట్టు నటించాల్సింది. లేదా ఫైలు వెతకడానికి బయటికి పోవాల్సింది. "ఇంకా తగ్గుతుంది సార్" అన్నాను.

అది శాస్త్రం ప్రకారం నిజం. పట్టీ ఎంత సన్నగా ఉంటే అంత ఖచ్చితం. దాంతో ఏప్రిల్‌లో కమిటీ 'సన్నగా ఉన్నది చదునే' అని తీర్మానించి, నెలంతా ప్రపంచాన్ని సన్నగా చేయడంలో గడిపింది. మొదట అంగుళం వెడల్పు అన్నారు. తర్వాత అరంగుళం అన్నారు, ఆ తర్వాత దాంట్లో సగం అన్నారు. ప్రతి సమావేశంలో మస్తాన్ వలి గారిని 'ఆహ్వానిత నిపుణులు' అని కుర్చీ వేసి కూర్చోబెట్టేవాళ్ళు. ఆయన కొట్లో జనం అరుస్తూ ఉండేవాళ్ళు.

"ఇంతకన్నా సన్నగా అంటే నూలుపోగు అవుద్ది సార్" అన్నారాయన ఒకరోజు విసిగిపోయి.

మాలకొండయ్య గారి కళ్ళు మెరిశాయి. "నూలుపోగే చేస్తే? తప్పు పూర్తిగా పోతుందా?"

"పోతుంది సార్" అన్నాను. "కానీ దారం మీద దేశాల పేర్లు అచ్చు వేయలేం."

"పేర్లు అనుబంధంలో ఇవ్వచ్చు."

ప్రపంచాన్ని దారపు ఉండగా హాస్టళ్ళకు పంపాలని దాదాపు ఖాయమైపోయింది. మమ్మల్ని కాపాడింది చెక్క పావులు. అవి అప్పటికే తయారై వచ్చాయి. వాటి అడుగు సరిగ్గా ఒక సెంటీమీటరు. పావు నిలబడాలి కాబట్టి ప్రపంచం ఒక సెంటీమీటరు కంటే సన్నగా ఉండకూడదని తేలింది. భూమి ఎంత పెద్దది తీసుకోవాలన్న ప్రశ్న కూడా వచ్చింది. బత్తాయి మరీ చిన్నది, అసలు భూమి మరీ పెద్దది. మధ్యేమార్గంగా నేను ఫుట్‌బాల్ అంత భూమిని లెక్కలోకి తీసుకున్నాను. లెక్క వేస్తే పట్టీ పొడవు పదిహేను మీటర్ల ఇరవై సెంటీమీటర్లు వచ్చింది. దర్జీలు కొలతకి వాడే టేపు బట్ట మీద అచ్చు వేయించాం. రెండు కొసల్లో చుట్టలు తిరగడం క్రమశిక్షణకు విరుద్ధంగా ఉందని మాలకొండయ్య గారు వాటిని తిన్నగా చేయించారు.

మే నెలలో ఆఫీసు వరండాలో ప్రయోగాత్మకంగా ఆడి చూడమన్నారు. ఉత్తర ధ్రువం అధ్యక్షులవారి గుమ్మం దగ్గర మొదలై, వరండా పొడవునా వచ్చి, మెట్లు దిగి, మస్తాన్ వలి గారి మిక్సీ పక్కన దక్షిణ ధ్రువంతో ముగిసింది. భారతదేశం ఆరు ముక్కలుగా, మంచినీళ్ళ కుండకీ నోటీసు బోర్డుకీ మధ్యలో వచ్చింది. ఒక ముక్కకీ ఇంకో ముక్కకీ మధ్య మూరన్నర దూరం.

మాలకొండయ్య గారిది ఎర్ర రంగు, నాది పచ్చ. ఆయన గుంటూరులో మోకాళ్ళ మీద కూర్చున్నారు.

"వరంగల్‌ని ఆక్రమిస్తున్నాను" అన్నారు.

"కుదరదు సార్. ఆనుకుని లేదు."

"వరంగల్ ఆనుకుని లేదా? పొద్దున ఎక్కితే మధ్యాహ్నానికి దిగుతాం కదయ్యా!"

"పట్టీలో అది పై వరస సార్. మీరు పడమటి దిక్కుగా బయలుదేరాలి. అరేబియా, సూడాన్, చాద్, మాలీ, అక్కణ్నుంచి సముద్రం దాటి మెక్సికో, మళ్ళీ సముద్రం, ఫిలిప్పీన్స్, వియత్నాం, బర్మా, బంగాళాఖాతం. ఆ తర్వాత వరంగల్."

ఆయన మోకాళ్ళ మీదే ఫైలు తెరిచి ఆ దారంతా రాసుకున్నారు. సూడాన్ దాటేసరికి భోజనాల వేళ అయింది. మధ్యాహ్నం మెక్సికోలో ఉండగా ఎవరో మస్తాన్ వలి గారి కొట్లోకి వచ్చి అంటార్కిటికా మీద కాలు వేశారు. పట్టీ జారి ప్రపంచమంతా మూరెడు కిందికి కదిలింది. మాలకొండయ్య గారి ప్రతినిధి బృందం పసిఫిక్‌లో మునిగింది. సాయంత్రం అయిదుకి ఆయన వరంగల్ చేరకుండానే బస్సు అందుకోవడానికి వెళ్ళిపోయారు. మర్నాడు నివేదిక: "ఆట త్వరగా ముగియు లోపము లేదు. గుంటూరు నుండి వరంగల్ వెళ్ళునంతలో విద్యార్థి ప్రపంచమంతటినీ దర్శించును. మిక్కిలి విజ్ఞానదాయకము."

అధ్యక్షులవారు కళ్ళజోడు పెట్టె తెచ్చి పరీక్షించాలనుకున్నారు కానీ, గ్రీన్‌లాండ్ అయిదు ముక్కలుగా ఉండటం వల్ల పెట్టె దేని మీద పెట్టాలో తెలియలేదు. "చిన్నదైపోయింది, చాలు" అని సంతకం చేశారు.

బడులు తెరిచే రోజుకి పట్టీలు అన్ని హాస్టళ్ళకూ చేరాయి. ఇక మిగిలింది ధ్రువపత్రం. అధ్యక్షులవారు స్వయంగా ఒక హాస్టల్ చూసి, నేను అక్కడికక్కడే ఫారం పూర్తి చేస్తే, నా ప్రొబేషన్ ఫైలు కదులుతుంది. చూడటానికి ఎంచుకున్నది మా అమ్మ పనిచేసే హాస్టలే. దగ్గరని.

ముందు రోజు అమ్మకి ఫోన్ చేశాను.

"అమ్మా, పిల్లలు ఆ టేపుతో ఆడుకుంటున్నారా?"

"మొదట్లో జడలు వేసుకున్నార్రా. ఒకదాని జడకి రష్యా, ఇంకోదాని జడకి ఆస్ట్రేలియా. వార్డెనమ్మ తిట్టింది. ఇప్పుడు ఆడతన్నారు. అన్నానికి పిలిచినా రావట్లా."

"నిజంగా?"

"నేను అబద్ధం ఎందుకు చెప్తా? రేపు వచ్చి నువ్వే చూడు."

నాకు సంతోషం కంటే అనుమానమే ఎక్కువైంది. ఆ ఆట వరండాలో ఎలా సాగిందో చూసినవాణ్ని.

మర్నాడు జీపు దిగి హాల్లోకి వెళ్ళాం. అధ్యక్షులవారు ముందు, మాలకొండయ్య గారు వెనక, నేను ఫారంతో ఆయన వెనక. నేల మీద పట్టీ ఎక్కడా లేదు. పాతికమంది ఆడపిల్లలు ఒక పీట చుట్టూ గుమిగూడి ఉన్నారు. పీట మీద కుదురు, కుదురు మీద ఫుట్‌బాల్. ఆ బాల్‌కి మా పట్టీ పై నుంచి కింద దాకా, సందు లేకుండా, జాగ్రత్తగా చుట్టి అతికించి ఉంది. ధ్రువాల దగ్గర ముడత పడిన చోట ఒక్కో పెద్ద బొట్టుబిళ్ళ. దేశాల మీద ఎర్రవి, నల్లవి, పచ్చవి, నీలివి చిన్న బొట్టుబిళ్ళలు.

మా పట్టీ గుండ్రంగా ఉంది.

"ఏమిటిది?" అన్నారు అధ్యక్షులవారు.

ఎనిమిదో తరగతి నసీమా లేచి నిలబడింది. "ప్రపంచ వ్యూహం సార్. మీరు పంపిందే."

"ఇలా చుట్టమని ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలా సార్. ఇండియా ఆరు ముక్కలుగా వచ్చింది. ముక్కలు కలుపుదామని చూస్తే అదే వంగింది. ముందు బిందెకి చుట్టాం, పెద్దదైంది. మరియమ్మ గారి గుమ్మడికాయకి చుట్టాం, కూరకి కావాలని కోసేసింది. బాల్‌కి సరిగ్గా సరిపోయింది సార్, కొలిచి పంపినట్టు."

"మరి పావులు?"

"పడిపోతన్నయి సార్. అందుకని బొట్టుబిళ్ళలు. చెక్కవి అష్టాచెమ్మాకి ఉంచుకున్నాం."

వెనక నుంచి ఇంకో అమ్మాయి, "అది కబుర్లు చెప్పి టైం పాస్ చేస్తంది సార్! బ్రెజిల్లో ఓడిపోతంది!" అంది.

అధ్యక్షులవారు దగ్గరికి వెళ్ళారు. జేబులోంచి కళ్ళజోడు పెట్టె తీశారు. బాల్‌ని మెల్లగా తిప్పి పెట్టెని భారతదేశం మీద ఆనించారు, బొటనవేలితో కొలత గుర్తు పెట్టుకున్నారు. మళ్ళీ తిప్పి గ్రీన్‌లాండ్ మీద ఆనించారు. ఆయన ముఖం విచ్చుకుంది.

"చిన్నది!" అన్నారు. "యేసురత్నం, చూశావా? చిన్నది! ఆరు నెలలుగా నేను అడుగుతున్నది ఇదే కదయ్యా! ఇది నీకెందుకు తట్టలేదు?"

నేను నోరు తెరిచేలోపు మాలకొండయ్య గారు ఆయన చెవి దగ్గరికి వంగారు. గుసగుస అందరికీ వినిపించింది. "సార్, ఇది గుండ్రం."

అధ్యక్షులవారి చెయ్యి బాల్ మీదే ఆగింది. "గుండ్రమే" అన్నారు చివరికి, దుఃఖంగా. "ఫారంలో ఏముంది?"

మాలకొండయ్య గారు నా చేతిలోని ఫారం అందుకుని చదివారు. "'ఉపకరణము చదునుగా ఉపయోగించబడుచున్నదా? అవును లేక కాదు. ఒకటి కొట్టివేయుము.' కాదంటే, సరఫరా చేసినవన్నీ విప్పించి వెనక్కి తెప్పించాలి సార్. రూపకల్పన చేసినవారి ప్రొబేషన్..." అని ఫారం నాకు తిరిగి ఇచ్చేశారు. వాక్యం పూర్తి చేయలేదు.

పిల్లలకి ఏం అర్థమైందో గానీ నసీమా బాల్‌ని ఒళ్ళోకి తీసుకుని గట్టిగా పట్టుకుంది. వంటగది గుమ్మంలో మా అమ్మ గరిటెతో నిలబడి నన్నే చూస్తోంది. కాదని రాస్తే పిల్లల ఆటా పోతుంది, అమ్మ పట్టుకుని చూడాలనుకున్న కాగితమూ పోతుంది. అవునని రాస్తే అబద్ధం. అడిగిన ప్రశ్నకి అబద్ధం చెప్పడం అమ్మ నేర్పలేదు.

నేను నసీమా దగ్గర కూర్చున్నాను. "ఒకసారి చూపించమ్మా" అని బాల్ మీదకి వంగాను. జేబులోంచి చిన్న స్కేలు తీసి పట్టీ మీద అడ్డంగా పెట్టాను. సెంటీమీటరు వెడల్పు. స్కేలుకీ పట్టీకీ మధ్య వెలుతురు కనిపించలేదు. ఇంకోచోట పెట్టాను. అక్కడా అంతే. బ్రెజిల్లో పెట్టాను, తెనాలి మీద పెట్టాను.

లేచి ఫారం పూర్తి చేసి అధ్యక్షులవారికి ఇచ్చాను. ఆయన పైకి చదివారు.

"'అవును. ఉపకరణమును ప్రతి సెంటీమీటరు వద్ద విడివిడిగా పరీక్షించితిని. ప్రతిచోటా చదునుగానే ఉన్నది. ఏప్రిల్ నెలలో గౌరవ కమిటీ ఆమోదించిన సూత్రము కూడా ఇదియే.'"

అధ్యక్షులవారు మాలకొండయ్య గారి వైపు చూశారు.

"మన సూత్రమేనా?"

"మనదే సార్" అన్నారు మాలకొండయ్య గారు మెల్లగా. "సన్నగా ఉన్నది చదునే అని మనమే తీర్మానించాం. మినిట్స్‌లో ఉంది. కాదంటే ఆ తీర్మానం కూడా..." ఈ వాక్యం కూడా పూర్తి చేయలేదు.

"అయితే చదునే" అన్నారు అధ్యక్షులవారు, మోయలేని బరువు దించుకున్నట్టు. సంతకం పెట్టి, పిల్లల మధ్య ఇంకో పీట లాక్కుని కూర్చున్నారు. "నాది ఏ రంగు?"

మాలకొండయ్య గారికి ఎర్ర బొట్టుబిళ్ళలు ఇచ్చారు. ఆయన గుంటూరు వెతుక్కుని, నెమ్మదిగా పైకి వేలు జరిపి, "ఇది వరంగలేనా అమ్మాయ్?" అని అడిగారు. "ఆనుకునే ఉందిగా సార్" అంది నసీమా. ఆయన కళ్ళు చెమ్మగిల్లాయని చెప్తే మా ఆఫీసులో ఎవరూ నమ్మరు. మేం తిరిగి బయలుదేరేసరికి అధ్యక్షులవారు గ్రీన్‌లాండ్‌ని రెండుసార్లు జయించారు. దాన్ని తప్ప ఇంకే దేశాన్నీ ముట్టుకోలేదు.

జూన్ ఇరవై తొమ్మిదిన ఆర్డరు వచ్చింది. అమ్మ చేతులు కడుక్కుని, కొంగుకి తుడుచుకుని, దాన్ని రెండు చేతులతో పట్టుకుంది. "దీంట్లో నీ పేరు ఎక్కడుంది?" అని అడిగి, నేను చూపించిన చోట వేలు పెట్టి, కాసేపు అలాగే ఉంచింది. తర్వాత, "ఇంక భూమి గుండ్రమేగా?" అంది.

"గుండ్రమే అమ్మా."

జులై మొదటి వారంలో నా బల్ల మీదకి ఒక మెమో వచ్చింది. పచ్చ సిరా. "పై సూచిక ప్రకారం ఉపకరణము ప్రతి సెంటీమీటరు వద్ద చదునుగా ఉండగా, మొత్తముగా చూచినప్పుడు గుండ్రముగా కనబడుటకు గల కారణములను, అందుకు బాధ్యులైన వారిని పరిశీలించి వెంటనే సమర్పించవలెను."

దానికి జవాబు నాకు తెలుసు. ఎమ్మెస్సీ రెండో సంవత్సరంలో చదివాను. ఒక్క పేజీలో రాయొచ్చు. కలం కూడా తీశాను.

మళ్ళీ మూత పెట్టేశాను. నేనిప్పుడు పర్మనెంటు.

ఫైలు నా బల్ల మీదే ఉంది. ఫ్యాను గాలికి కాగితాలు ఎగరకుండా దాని మీద ఒక బత్తాయి పెట్టాను. వారానికోసారి మస్తాన్ వలి గారు వచ్చి కాయ మార్చి పోతున్నారు.